దగ్గు రాని ఇల్లు

"దగ్గొచ్చిందా నీకు?" అని అడిగింది మా అత్తగారు భారతమ్మ, కుంపటి మీద నుంచి తలెత్తి.

నాకు రాలేదు. ఆవిడకీ రాలేదు. గది మూల మడతకుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్న మామగారు వెంకటరామారావు గారికీ రాలేదు. కుంపట్లో ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు కల్లుప్పు మాడి బొగ్గవుతున్నాయి. తలుపు వేసి ఉంది, కిటికీ వేసి ఉంది. మంచం అంచున నా ఏడేళ్ల కూతురు సాహిత్య రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి కూర్చుని, ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తోంది. పొద్దుటి నుంచీ దాని ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి.

"చూశావా మరి! ఏడు కాయలు కాలినా ఒక్కళ్లకి ఘాటు తగల్లేదంటే పిల్లకి ఎంత దిష్టి ఉండాలి! నిన్న కల్లం దగ్గర ఆ ఆడకూలీలంతా దీని జుట్టు చూసి ఒకటే మురిసిపోయారు. అప్పుడే అనుకున్నా," అంది అత్తగారు. ఆవిడ గొంతులో నిజంగానే బెంగ ఉంది. మనవరాలంటే ఆవిడకి ప్రాణం. అదే కదా నా చేతులు కట్టేసింది. ప్రేమ లేని మనిషైతే ఎదురు తిరగడం కాస్త సులువయ్యేదేమో.

దిష్టి తీసిన కాయలు నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. రాకపోతే గట్టిగా తగిలినట్టు. ఇది ఆవిడ కొత్తగా కనిపెట్టింది కాదు, మా అమ్మా ఇదే చెప్పేది. కాకపోతే మా అమ్మ పెరట్లో తీసేది. అత్తగారు గదిలో తలుపేసి తీస్తుంది. "బయట గాలికి ఘాటు కొట్టుకుపోతే వచ్చిందో లేదో ఎట్టా తెలుస్తదమ్మా?" అంటుంది. మాట సబబుగానే ఉంది. దగ్గు రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చని మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆ కారణం నాకు తెలుసు. తెలియడమే నా ఖర్మ. పెళ్లికి ముందు హైదరాబాదులో రెండేళ్లు ఒక ల్యాబులో పనిచేశాను. ఊపిరితిత్తుల గొట్టాల లోపలి గోడ మీదుండే కణాలని గాజు పలక మీద పెంచి మైక్రోస్కోపు కింద చూడడం నా పని. వాటి చుట్టూ ఉన్న ఉప్పునీళ్లని పలచన చేస్తే కణం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బిన నిమిషంలోపే దాని లోపల కాల్షియం పెరుగుతుంది. మేం కలిపిన రంగు వల్ల ఆ కాల్షియం ఆకుపచ్చగా వెలిగేది. అది వెలిగిందంటే చాలు, కణం పొరలో ద్వారాలు తెరుచుకునేవి, లోపలి ఉప్పు బయటికి, ఉప్పు వెంట నీళ్లూ బయటికి. పది నిమిషాల్లో కణం మళ్లీ తన సైజుకి వచ్చేసేది. కాల్షియం అందకుండా చేస్తే ఉబ్బినది ఉబ్బినట్టే ఉండిపోయేది. లోపల ఆమ్లం పెరిగితే దాన్ని బయటికి తోసే పంపుని తట్టి లేపేదీ ఈ కాల్షియమే. ఒక్క చెంచాలో వందల కోట్లు పట్టే ఆ కణాలు తమకేం కావాలో తామే చూసుకోవడం నాకు భలే ముచ్చటగా ఉండేది. గంటలు గంటలు చూసేదాన్ని.

పెళ్లిచూపుల్లో అనిల్‌కుమార్ ఏం చేస్తున్నావని అడిగితే ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. "కాల్షియం అంటే పాలు తాగితే వచ్చేది గదా, దానికి రెండేళ్లు చదవాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పదకొండేళ్లయింది, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పెళ్లయ్యాక పీహెచ్‌డీ సంగతి ఎత్తితే అత్తగారు, "ఊపిరితిత్తుల్లో నీళ్లెన్నుంటే మనకెందుకమ్మా, పప్పుచారులో నీళ్లెక్కువయ్యాయి, అది చూసుకో," అంది. దానికీ అందరూ నవ్వారు. మా ఇంట్లో హాస్యానికి కొదవ లేదు. తర్వాత ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో జువాలజీ చెప్పే ఉద్యోగానికి ఒప్పుకున్నారు, సాయంత్రం వంటకి ఆలస్యం కాకుండా ఉంటే. అక్కడ ప్రిన్సిపల్ సారుది ఇంకో రకం హాస్యం. "మేడం, మీ పాపకి దగ్గని మీరు సెలవు పెడితే మా రిజల్టుకి ఎవరు దగ్గాలి?" అంటాడు స్టాఫ్ రూములో, అందరి ముందూ.

ల్యాబులో చివరి ఆర్నెల్లూ నాకు మిరపకాయ ఘాటు మీద పని ఇచ్చారు. మిర్చికి పేరున్న ఖమ్మం సంబంధం ఖాయమైందని మా సీనియర్లు వేళాకోళమాడేవాళ్లు. మిరపలోని ఘాటు తగిలితే కణం పొరలో ఒక ద్వారం తెరుచుకుని కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. ఆమ్లం తగిలినా అదే ద్వారం తెరుచుకుంటుంది. దగ్గు పుట్టించే నరాల కొసల్లోనూ అదే ఉంటుంది. మొదటిసారి ఘాటు తగిలితే అవి కేకలు పెడతాయి, మనం దగ్గుతాం. మళ్లీ మళ్లీ తగిలితే లోపలికొచ్చిన కాల్షియమే ఆ ద్వారాన్ని మొద్దుబారేలా చేస్తుంది. ఆ తర్వాత ఎంత కారం పోసినా అది పలకదు. కారం తగ్గలేదు, పొగ తగ్గలేదు, ఊపిరితిత్తులకి జరిగే చెడుపూ ఆగలేదు. ఆగింది దగ్గొక్కటే.

మా ఇంట్లో ఎవరికీ దగ్గు రాదు. మామగారి నాన్న బందరు వైపు నుంచి వచ్చి ఇక్కడ అడవి అంచున భూమి కొన్నప్పటి నుంచీ ఈ ఇంటివాళ్లకి మిర్చే లోకం. ఖమ్మంలో ఖానాపురం హవేలి అనే పేటలో ఉన్న మా ఇంట్లో కింది హాలు నిండా బస్తాలే, మేము మేడ మీద ఉంటాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా శనివారం రాగానే అందరం ములకలపల్లి దగ్గర ఈ తోట ఇంటికి రావాలి. కాయ కోయించాలి, ఆరబోయించాలి, రంగు పోయిన తాలుకాయ ఏరించాలి, కూలీలకి టీలు పెట్టాలి. నా ఆదివారాలు ఇట్లా పదకొండేళ్లుగా పోతున్నాయి. కొత్తకోడలిగా వచ్చిన ఏడాది కల్లంలో కళ్లూ ముక్కూ కారిపోతూ దగ్గితే "పట్నం ముక్కు" అని పేరు పెట్టారు. మూడో ఏటికి దగ్గు ఆగిపోయింది. "మా కోడలు అలవాటు పడిపోయింది," అని అత్తగారు ఊరంతా గొప్పగా చెప్పుకుంది.

ఈ రోజు మధ్యాహ్నం టీ తీసుకుని కల్లానికి వెళ్లినప్పుడు జంపక్కని ఇదే అడిగాను. జంపక్క పక్క గూడెం నుంచి పదకొండుమంది ఆడవాళ్లని కూడగట్టుకుని కోతకి వస్తుంది. చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, వాళ్లంతా ఆ ఎర్రటి దుమ్ములో పొద్దస్తమానం కూర్చుంటారు. "నీకు దగ్గు రాదా జంపక్కా?" అంటే నవ్వింది. "యాడొస్తదమ్మా! సీజన్ల పడ్డ మొదటి నాలుగు దినాలు వస్తది, గంతే. ఇగ రాదు. గాని గడపెక్కితే ఆయాసం. నీళ్ల బిందె ఎత్తితే రొమ్ము పట్టేసినట్లయితది." తర్వాత నా కొంగు పట్టుకుని వచ్చిన సాహిని చూసి ఆ నవ్వు ఆపేసింది. "పిల్లను ఈడికెందుకు తెస్తరమ్మా? దానికింకా దగ్గొస్తది. దగ్గొచ్చేదాన్ని ఈ దుమ్ముకు దూరం పెట్టాలె," అంది. నేను తల వంచుకున్నాను. ఎందుకు తెచ్చానంటే తేకుండా ఉండే ధైర్యం లేక తెచ్చాను. "ఇంటి పిల్ల పంట చూడొద్దా?" అని శనివారం పొద్దున అనిల్ అన్నాడు, నేను దానికి రెండు జతల బట్టలు సర్దాను.

భయం గురించి కూడా చెప్పేస్తాను. అనిల్ కొట్టడు. కొట్టడని మా బంధువులంతా నన్ను అదృష్టవంతురాలంటారు. కానీ సాయంత్రం గేటు చప్పుడైతే కూర రుచి చూడ్డానికి ఎత్తిన గరిటె చేతిలోనే ఆగిపోతుంది. రెండేళ్ల కిందట సాహికి మొదటిసారి ఇలా అయినప్పుడు నేను చెప్పకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఇన్‌హేలర్ రాయించుకొచ్చాను. "మా అమ్మ ముగ్గుర్ని పెంచింది. నువ్వు ఒక్కదాన్ని పెంచలేక దవాఖానాల చుట్టూ తిరుగుతున్నవ్. ఆడపిల్ల నోట్లో ఆ గొట్టమేంది, రేపెవడన్నా చేసుకుంటడా?" అని దాన్ని రోడ్డు మీదికి విసిరేశాడు. ఆ తర్వాత పది రోజులు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టి నా వైపు నెట్టేవాళ్లు, అంతే. సాహిని నాయనమ్మ పక్కన పడుకోబెట్టారు. గోడవతల అది ఊపిరి తీస్తోందో లేదో అని చెవి ఆనించి ఆ పది రోజులూ గడిపాను. పదకొండో రోజు నేనే వెళ్లి తప్పయిపోయిందన్నాను. ఎవరి కాళ్లూ పట్టుకోలేదు గానీ, పట్టుకున్నంత పనీ అయింది. అప్పటి నుంచి ఇంకో ఇన్‌హేలర్ కొని నా చీరల మధ్య దాచుకుని దొంగతనంగా వాడుతున్నాను. రెండుసార్లు దాంతోనే గండం గడిచింది. నా అదృష్టం బాగుందనుకున్నాను, బుద్ధి లేక.

ఇప్పుడది నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. హ్యాండ్‌బ్యాగు పక్క గదిలో ఉంది.

"ఇవి కాదులే, పాతకాయలు. కొత్త తేజ రకం కాయలు తెస్తా. పద్నాలుగు వేసి తీస్తే ఎంత దిష్టయినా పోవాల్సిందే," అని అత్తగారు లేచింది. ఆవిడ కల్లంలోకి వెళ్లి వచ్చేదాకా తలుపు తెరిచే ఉంటుంది. పిల్లని ఎత్తుకుని బయటికి పోవచ్చు. రెండు అడుగులు. నేను మామగారి వైపు చూశాను. ఆయన పేపరు పేజీ తిప్పి, "ఇట్టాంటివి ఆడాళ్ల విషయాలు, నన్నడగొద్దు," అన్నారు, నేనేమీ అడగకుండానే. పక్క గదికి పరిగెత్తి ఇన్‌హేలర్ తెచ్చి నాలుగుసార్లు మందు కొట్టించాను. సాహి పీల్చలేకపోతోంది, సగం మందు పెదాల దగ్గరే పొగయిపోయింది. అంతలో అత్తగారు కొంగులో కాయలతో వచ్చేసింది. నా చేతిలో ఇన్‌హేలర్ చూసింది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడం నాకు బాగా తెలుసు.

"తలుపెయ్యి. పిల్ల అల్లాడుతోంది, చేతులు గట్టిగా పట్టుకో," అంది.

నేను తలుపు వేశాను. పిల్ల చేతులు పట్టుకున్నాను. ఇది నేనే చేశాను, ఎవరూ నా చేతులు పట్టి చేయించలేదు. కొత్త పంట తేజ కాయలు, తొడిమలతో సహా, పద్నాలుగు. నిప్పులో పడగానే చిటపటలాడి నల్లటి పొగ లేచింది. సాహి తల నా వైపు తిప్పింది. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి కూడగట్టుకుని, "అమ్మా... తలుపు..." అంది. మూడో మాట రాలేదు. ఆ మాటేంటో నాకు తెలుసు. ఒక్క నిమిషంలో అయిపోతుంది, ఇంకొక్క నిమిషం, ఆవిడకి కోపం రాకుండా అయిపోనీ, అని లోపల అనుకుంటూనే ఉన్నాను. దాని గొంతు కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి లాక్కుపోతోంది. నా వేళ్ల మధ్య దాని మణికట్లు తడిగా, చల్లగా ఉన్నాయి.

ఎవరికీ దగ్గు రాలేదు.

అప్పుడు పిల్లికూతలు ఆగిపోయాయి. అంతసేపూ గది నిండా వినిపిస్తున్న ఆ ఈల చప్పుడు, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. "హమ్మయ్య! చూశావా, దిగిపోయింది! తల్లీ, పొద్దున్నుంచి ఎంత అవస్థ పడ్డావే," అని అత్తగారు కళ్లొత్తుకుంది. మామగారు పేపరు పక్కన పెట్టి, "తగ్గిందా?" అన్నారు. నేను దాని ఛాతీకి చెవి ఆనించాను. గుండె పరిగెడుతోంది. ఊపిరి చప్పుడు లేదు. భుజాలు ఎగురుతున్నాయి, పొట్ట లోపలికీ బయటికీ పోతోంది, కానీ లోపల చప్పుడు లేదు. గొట్టాల చుట్టూ ఉన్న కండరాల్లోనూ బిగింపు తెచ్చేది కాల్షియమే. గొట్టాలు కాస్త బిగుసుకుంటే గాలి ఈల వేస్తూ పోతుంది. పూర్తిగా బిగుసుకుంటే ఈల వేయడానికి కూడా గాలి ఉండదు. ఈ నిశ్శబ్దం గురించి పుస్తకంలో చదివాను. దాని కింద గీత కూడా గీసుకున్నాను.

తలుపు తన్నుకుంటూ పిల్లని ఎత్తుకుని బయటికి వచ్చాను. "ఏంటే ఆ పరుగు! తగ్గిన పిల్లని గాలిలోకి తీసుకుపోతావేంటి!" అని అత్తగారు వెనకాల అరుస్తోంది. కారు అనిల్ తీసుకుని లోడు వెంట ఖమ్మం మార్కెట్ యార్డుకి వెళ్లాడు. ఫోన్ చేశాను. ఒక గీత సిగ్నల్‌కి వాకిలి మధ్యలో నిలబడి, "సాహికి ఊపిరి ఆడట్లేదు. దవాఖానాకి తీసుకెళ్తున్నా," అన్నాను. వెనకాల లారీల హారన్లు. "ఆవిరి పట్టు. నేనొచ్చి చూస్త. నువ్వు ప్రతిదానికీ గిట్లనే భయపడ్తవ్," అన్నాడు. "అనిల్ రానీ అమ్మా, ఒక మాట అడిగి తీసుకెళ్దాం," అన్నారు మామగారు గుమ్మంలోంచి. 108కి చేస్తే బండి అవతలి ఊళ్లో ఉంది, నలభై నిమిషాలు పడుతుందన్నారు. నలభై నిమిషాలు నాకు లేవు. సాహి పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి.

పొద్దు వాలుతోంది. కల్లం దగ్గర, రోజూ వాళ్లని తోలే రాంబాబు ట్రాలీ ఆటోలో కూలీలు ఎక్కి కూర్చున్నారు, ఇళ్లకి పోవడానికి. నేను చెప్పుల్లేకుండా దానికి అడ్డంగా పోయాను. పిల్లని చూపించాను. జంపక్క ఒక్క దూకు దూకి, సాహి గోళ్లు చూసింది.

"ఓరి దేవుడా, నీలమైనయ్! దిగుండ్రే అందరు! జల్దీ దిగుండ్రి! మన బట్టల నిండ మిరప దుమ్మే ఉన్నది, పిల్ల పక్కన మనముంటే ఇంకింత అయితది."

పదకొండుమందీ దిగారు. ఒక్కరు కూడా ఎట్లా పోవాలని అడగలేదు. వాళ్ల గూడెం అయిదు కిలోమీటర్లు, అడవిలోంచి. "మీరెట్లా వెళ్తారు?" అని నేనే అడిగాను. "రోజు పోయే తొవ్వనే గదమ్మా, నడుస్తం. నువ్వు ఎక్కు," అంది ఒకామె. జంపక్క చొక్కా విప్పి నేల మీద పడేసి, డ్రమ్ములో నీళ్లతో మొహం, చేతులు, జుట్టు తడుపుకుని, తడి చీరతోనే నా పక్కన ఎక్కింది. పదకొండేళ్లలో నేను వీళ్లకి టీ గ్లాసులు అందించడం తప్ప ఏమీ చేయలేదు. వీళ్ల ఊపిరితిత్తుల గురించి నాకు తెలిసినంత ఈ మండలంలో ఎవరికీ తెలిసి ఉండదు, ఒక్క మాట చెప్పలేదు. సిగ్గేసింది, సిగ్గుపడే టైము కూడా లేదు.

ములకలపల్లికి పన్నెండు కిలోమీటర్లు. రాంబాబు గుంతలు చూడకుండా తోలాడు. నేను నడుము దగ్గర దోపుకున్న ఇన్‌హేలర్ తీసి దాని నోటికి ఆనించి, ఒక్కో మోతాదు కొట్టి ఆరు దాకా లెక్కపెడుతున్నాను. సాహి కళ్లు మూతలు పడుతున్నాయి. అదే నన్ను చంపేసింది. బయటికి పోని గాలి లోపల నెత్తుటిని ఆమ్లం చేస్తుంది, ఆమ్లం పెరిగితే మగత వస్తుంది. మగత వస్తే ఊపిరి తీసే పని కూడా మానేస్తుంది. ఇదంతా నాకు వరసగా, పరీక్షలో జవాబులా తెలుస్తోంది. "సాహీ, నిద్రపోకే. కళ్లు తెరువు. అమ్మ వంక చూడు," అంటున్నాను. చూడట్లేదు. జంపక్క దాని అరికాళ్లు రుద్దుతూ తన భాషలో ఏదో అంటోంది, పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. రోడ్డుకి రెండు వైపులా చెట్లు, ఎదురుగా ఒక్క బండి లేదు. పోతుంది, నా బిడ్డ పోతుంది, నేనే తలుపేశాను, అని నా లోపల ఎవరో చెబుతూనే ఉన్నారు. దేవుళ్లెవరూ గుర్తుకు రాలేదు. ఇంకో రెండు కిలోమీటర్లు, ఇంకో కిలోమీటరు, అదొక్కటే.

దవాఖానాలో నర్సు పిల్లని చూడగానే నా చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకుంది. ఆక్సిజన్, మాస్కులో మందు పొగ, చేతికి ఇంజెక్షన్. అక్కడికే అంబులెన్సు రప్పించి కొత్తగూడెం పంపించారు. ఆ మాస్కులోంచి మందు పోతూనే ఉంది. దారిలో ఎక్కడో, ఏ ఊరో తెలియదు, సాహి ఛాతీలోంచి సన్నగా ఈల వినిపించింది. పిల్లికూత! గాలి మళ్లీ కదులుతోంది. ఆ తర్వాత కాసేపటికి అది దగ్గింది. ఒకసారి, రెండుసార్లు, తర్వాత ఆగకుండా. నా పక్కనే కూర్చున్న జంపక్క బెదిరిపోయి నా భుజం పట్టుకుంది. నేను పెద్దగా ఏడ్చేశాను. "దగ్గుతోంది జంపక్కా, దగ్గుతోంది," అని పిచ్చిదానిలా అదే మాట అంటూ ఏడ్చాను.

కొత్తగూడెం ఆసుపత్రి వార్డులో పిల్లని మంచం మీద వేసి, అన్ని వైర్లూ తగిలించాక, డ్యూటీ డాక్టరమ్మ కాగితం తీసుకుని వచ్చింది. నాకంటే పదేళ్లు చిన్నది. దారిలో నేను చేసిన ఫోనుకి అప్పటికే అనిల్ కూడా వచ్చాడు, చొక్కా నిండా యార్డు దుమ్ముతో. నర్సు అతన్ని లోపలికి రానివ్వలేదు, గుమ్మం దగ్గరే నిలబెట్టింది.

"ఎట్లా మొదలైంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"వాతావరణం మారింది గదండీ, చలిగాలి పడలే," అన్నాడు అనిల్ గుమ్మంలోంచి. అంటూ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మామూలుగానే భయమేసింది. నేనేదో ధైర్యవంతురాల్ని అయిపోయానని మీరనుకోవద్దు.

"మిరపకాయల పొగ," అన్నాను. "ఇంట్లో, తలుపేసి, మా అత్తగారు దిష్టి తీశారు. రెండుసార్లు. రెండోసారి తలుపు వేసింది నేను. పిల్ల తలుపు తియ్యమంది. నేను తియ్యలేదు, చేతులు పట్టుకున్నాను. ఇట్లా కావడం ఇదే మొదలు కాదు, రెండేళ్లలో నాలుగోసారి. రాసుకోండి."

డాక్టరమ్మ కలం ఆగింది. ఆమె నన్ను తిట్టలేదు. అన్నీ రాసుకుంది. "ఇంకో పది నిమిషాలు లేటైతే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అంది అనిల్‌తో. "మిర్చి ఉన్న చోటికి ఈ పాపని తీసుకెళ్లకండి. పొగ ఒక్కటే కాదు, దుమ్ము కూడా."

వరండాలోకి రమ్మని అనిల్ సైగ చేశాడు. వెళ్లాను. కూతురంటే అతనికీ ప్రేమే, ఆ సంగతి నేను కాదనను. "మా అమ్మ పేరు కాగితం మీదికెక్కించినవ్," అన్నాడు ముందు. తర్వాత గొంతు తగ్గించి, "సరే, అయిందేదో అయింది. మన ఇల్లంతా మిర్చే, నిజమే. నేను ఆలోచించిన. పిల్లను హాస్టల్ల వేద్దాం. ఆదివారం ఆదివారం పోయి చూసొద్దాం."

వాళ్ల ఇంట్లోంచి బస్తాలు కదలవు, కుంపటి కదలదు, ఏడేళ్ల పిల్ల కదలాలి. అతను చెడ్డగా అనలేదు, నిజంగానే దారి దొరికిందన్నట్టు అన్నాడు. నా మనసులో ఆ గాజు పలక మీది కణం మెదిలింది. ఉబ్బిన కణం పది నిమిషాల్లో మళ్లీ తనకిచ్చిన చోట్లో ఒదిగిపోతే మేం అది ఆరోగ్యంగా ఉందని రాసుకునేవాళ్లం. నేనూ పదకొండేళ్లు బాగానే ఒదిగాను. ఆ ఒదుగుడుకి అలవాటని పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఇప్పుడు నా కూతురి వంతు వచ్చింది.

"హాస్టల్ వద్దు," అన్నాను. "కాలేజీ దగ్గర గది కిరాయికి తీసుకుంటాను. ఇక్కడి నుంచి సాహిని తిన్నగా అక్కడికే తీసుకుపోతాను."

అతను నమ్మలేనట్టు చూశాడు. నవ్వబోయి ఆగిపోయాడు. "నువ్వా? ఒక్కదానివే? బల్లిని చూస్తే భయపడ్తవ్. గేటు చప్పుడైతే ఉలిక్కిపడ్తవ్, నేను చూడలేదనుకుంటున్నవా? నీకు భయమెయ్యదా?"

చూశాడన్నమాట. పదకొండేళ్లూ చూస్తూనే ఉన్నాడు. లోపల్నుంచి సాహి దగ్గు వినిపిస్తోంది, నర్సు మాస్కు సరిచేస్తూ నన్ను పిలుస్తోంది. నేను గోడ పట్టుకున్నాను.

"వేస్తుంది," అన్నాను. "ఇక నుంచి వేరే ఇంట్లో భయపడతాను."